‘గో’తో వచ్చే చిక్కు

ప్రశ్న: ఉక్రెయిన్ విద్యార్థులకు ఇంగ్లీషు బోధిస్తున్నాను. ‘గో’ వంటి చిన్న క్రియ దగ్గర వారెందుకు తడబడతారు?

జవాబు: ఉక్రేనియన్‌లో నడిచి వెళ్లడానికి ‘ఇతీ’, వాహనంలో వెళ్లడానికి ‘యీఖతి’ అనే వేర్వేరు క్రియలున్నాయి, తరచూ వెళ్లి వస్తుండడాన్ని చెప్పవలసి వస్తే వాటి స్థానంలో ‘ఖొదీతి’, ‘యీజ్దితి’ వాడతారు. ఇంగ్లీషులో ఈ నాలుగింటి పనినీ ‘గో’ ఒక్కటే చేయగలదు కనుక, ప్రయాణ సాధనాన్ని అవసరమైతేనే ‘బై బస్’, ‘ఆన్ ఫుట్’ వంటి మాటలతో చెప్పాలనీ, అలవాటును క్రియారూపమే తెలుపుతుందనీ ముందుగా వివరించండి. ‘ఐ యామ్ గోయింగ్ టు స్కూల్’ అని దారిలో ఉన్నవాడు అంటాడు. ‘ఐ గో టు స్కూల్’ అని రోజూ వెళ్లేవాడు అంటాడు. ‘గో హోమ్’లో ‘టు’ రాదు, దీన్ని కంఠస్థం చేయించడమే మేలు. నా దృష్టిలో అసలు కష్టం కదలికే లేని ప్రయోగాలది: ‘ద మిల్క్ హ్యాజ్ గాన్ బ్యాడ్’ అంటే పాలు పాడయ్యాయని మాత్రమే అర్థం.