కుందేలు ఆపరేషన్‌కి 38 వేలు: పెట్టాలా, వద్దా?

ప్రశ్న: మాది విజయవాడ. ఐదేళ్లుగా పెంచుకుంటున్న కుందేలుకి దవడ కింద చీము గడ్డ లేచింది. పంటి వేరు నుంచి వచ్చిందట. హైదరాబాద్‌లో స్కాన్, ఆపరేషన్ కలిపి 38 వేలన్నారు. అందులో స్కాన్‌కి 8 వేలు. నా జీతం 34 వేలు, ఖర్చులు పోను 10 వేలు మిగులుతాయి. బ్యాంకులో 90 వేలున్నాయి. "కుందేలుకి అంత డబ్బా?" అంటున్నారు ఇంట్లో. దాచుకున్నది కదపకుండా క్రెడిట్ కార్డు మీద చేయించి, నెలనెలా కొంత కట్టుకోవచ్చా?

జవాబు: కార్డు జోలికి వెళ్లకండి. బిల్లు పూర్తిగా కట్టకుండా కొంత కొంత కడుతూ పోతే, నెలకు 3.5 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 42 శాతం. చేతిలో డబ్బు పెట్టుకుని ఆ వడ్డీ ఎందుకు కట్టాలి?

అసలు లెక్క 38 వేలతో ఆగదు. కుందేలు చీము నీళ్లలా కారదు, గట్టి వెన్నముద్దలా ఉంటుంది. సూదితో లాగితే రాదు, మందులు లోపలికి సరిగా అందవు. అందుకే చాలాసార్లు పన్ను తీసి, గడ్డను పొరతో సహా తొలగించాల్సి వస్తుంది. ఆ తర్వాత వారాల తరబడి డ్రెస్సింగులు, మందులు, హైదరాబాద్ ప్రయాణాలు. వీటికి ఇంకో 20 వేలు వేసుకోండి. మొత్తం 58 వేలు.

మీ నెల ఖర్చు 24 వేలు. రెండు నెలలకి సరిపడా 48 వేలు ముట్టుకోకండి. మిగిలిన 42 వేలు, వచ్చే మూడు నెలల మిగులు 30 వేలు, కలిపి 72 వేలు. అంటే ఒక్కసారికి మీరు భరించగలరు. కానీ ఈ గడ్డలు తిరగబెట్టడం మామూలే. రెండో ఆపరేషన్‌కి మీ దగ్గర మిగిలేది 14 వేలే. ఆ హద్దు ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. ఆపరేషన్ గది బయట కూర్చుని ఎవరూ సరిగా లెక్క వేయలేరు.

ముందు స్కాన్ ఒక్కటే చేయించండి. దవడ ఎముక ఎంతవరకు పాడైంది, ఎన్ని పళ్లు తీయాలి, తిరగబెట్టే అవకాశం ఎంత అని డాక్టర్‌ని సూటిగా అడగండి. ఎముక నిలిచేలా ఉంటే చేయించండి, నా మాటగా ఇంట్లోనూ చెప్పండి. ఐదేళ్లు మీ కాళ్ల చుట్టూ తిరిగిన ప్రాణం మీద పెట్టే డబ్బు దుబారా కాదు. బాగా పాడైపోయి ఉంటే, నొప్పి తెలియకుండా ఇంజెక్షన్‌తో సాగనంపడం కూడా వైద్యమే. అప్పుడు డబ్బుకి చూసుకుని చంపేశామని కుమిలిపోకండి.

ఖర్చు తగ్గుతుందని ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ సిరప్ మాత్రం తాగించకండి, కుందేళ్లకి అది ప్రాణాంతకం. గడ్డిపోచ నోట పట్టుకుని నమలలేక వదిలేస్తోందంటే నొప్పి ఎక్కువైనట్టే. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే స్కాన్ తేదీ దాకా ఆగకుండా అదే రోజు దగ్గర్లోని పశువైద్యుడికి చూపించండి. ప్రయాణంలో బోనులో ఎండుగడ్డి, నీళ్లు పెట్టండి. ఆపరేషన్ అని మనుషుల్లా కడుపు మాడ్చి తీసుకెళ్లకండి.