చిన్న ట్రైలర్‌కు టాయిలెట్: ఖాళీ చేసే పని నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: మాది ఒకే ఇరుసు ఉన్న చిన్న ట్రైలర్. ఇద్దరమే ఉంటాం. బాత్రూమ్ గది లేదు కానీ బెంచీ కింద కాస్త ఖాళీ ఉంది. పోర్టబుల్ టాయిలెట్ 10 లీటర్లది తీసుకోవాలా, 20 లీటర్లదా?

జవాబు: పెట్టె మీద రాసిన లీటర్ల కంటే ముందు మీ రోజువారీ లెక్క చూడండి. పెద్దవాళ్లకు రోజుకు దాదాపు ఒకటిన్నర లీటర్ల మూత్రం వస్తుంది. ఆరుసార్లు వెళ్లి, ప్రతిసారీ పావు లీటరు ఫ్లష్ చేస్తే అది మరో ఒకటిన్నర లీటర్లు. మలవిసర్జన, దాని తర్వాత పట్టే ఎక్కువ నీళ్లు కలిపి ఇంకో అర లీటరు. అంటే మనిషికి మూడున్నర, ఇద్దరికీ ఏడు లీటర్లు. నీళ్లతో కడుక్కునే అలవాటుంటే ప్రతిసారికీ కనీసం అర లీటరు కలపండి. చాలామంది ఈ అర లీటరు మర్చిపోయి, రెండో రోజు ఉదయానికే ట్యాంకు నిండిపోయిందని కంగారు పడతారు.

ఏ ట్యాంకునూ అంచు దాకా నింపకూడదు. నిండు ట్యాంకును మోసేటప్పుడు మూతి దగ్గర చిమ్ముతుంది. 20 లీటర్లదాంట్లో 16, 10 లీటర్లదాంట్లో 8 వాడకానికి పనికొస్తాయనుకోండి. పెద్దదాంట్లో మొదట వాసన అణిచే టాయిలెట్ మందుతో పాటు రెండు లీటర్ల నీళ్లు పోయాలి, చిన్నదాంట్లో ఒక లీటరు. ఇవి తీసేస్తే 20 లీటర్లది ఇద్దరికి రెండు రోజులు, 10 లీటర్లది ఒక్క రోజు వస్తుంది. పగలు బయటి టాయిలెట్లు వాడుకుంటూ దీన్ని రాత్రికి మాత్రమే ఉంచుకుంటే చిన్నదే మూడు రోజులు నడిచినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు బరువు సంగతి. 16 లీటర్లు పట్టిన కింది మురుగు ట్యాంకు 18 కిలోలు దాటుతుంది. దాన్ని మెట్టు దించి, ఖాళీ చేసే చోటి దాకా మోసి, ఎత్తి వంచాలి. ఈ పని చేసే మనిషికి నడుం నొప్పి ఉంటే 10 లీటర్లదే తీసుకుని రోజూ ఖాళీ చేసుకోవడం మేలు. ఒకే మోడల్‌కు కింది ట్యాంకు విడిగా అమ్మితే రెండోది కూడా కొనుక్కోవచ్చు. ఒకటి నిండగానే మార్చేసి, బరువును రెండు విడతలుగా మోయవచ్చు. నడుం గట్టిగా ఉంటే మా ఓటు 20 లీటర్లదానికే.

ఎత్తు కూడా చూసుకోవాలి. 10 లీటర్ల రకాలు చాలావరకు 30 సెంటీమీటర్ల ఎత్తే ఉంటాయి, 20 లీటర్లవి 40 దాకా వస్తాయి. ఇంట్లో కమోడ్ 40 నుంచి 45 ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ తేడా బాగా తెలుస్తుంది. పొట్టి రకమే తీసుకుంటే కింద 10 సెంటీమీటర్ల గట్టి పలక పీఠం చేయించి, టాయిలెట్ జారకుండా దాని చుట్టూ అంచు కట్టించండి.

కొనే ముందు అదే కొలతల అట్టపెట్టె ఒకటి బెంచీ కింద పెట్టి, బయటికి లాగి, మూత తెరిచినట్టు చేయి పైకెత్తి, దాని మీద కూర్చున్నట్టు వంగి చూడండి. ముందు వైపు మోకాళ్లకు అర మీటరు చోటు లేకపోతే రాత్రి చీకట్లో ఇబ్బంది పడేది మీరే.

ప్రశ్న: పోర్టబుల్ టాయిలెట్లన్నీ చూడటానికి ఒకేలా ఉన్నాయి. కొనేటప్పుడు దేన్ని బట్టి ఎంచుకోవాలి?

జవాబు: పైభాగంలో ఫ్లష్ నీళ్ల ట్యాంకు, సీటు, కింద మురుగు ట్యాంకు, రెంటి మధ్య లాగి తెరిచే పలక, దాని చుట్టూ రబ్బరు సీలు. నిర్మాణం అన్నిటిలోనూ ఇదే. ఉదాహరణకు థెట్‌ఫర్డ్ పోర్టా పాటి 335లో మురుగు ట్యాంకు 10 లీటర్లు, 365లో 21 లీటర్లు. డొమెటిక్ 972లో 9.8, 976లో 18.9. తేడా చిన్న చిన్న భాగాల్లో ఉంటుంది, రోజూ చేతిలో పడేవి కూడా అవే.

కింది ట్యాంకుకు పక్కకు తిరిగే పొడవాటి మూతి ఉందా? ఇది తప్పనిసరి. మూతి లేకపోతే పై రంధ్రం నుంచే వంచాలి, అప్పుడు బట్టల మీద పడకుండా ఆపలేరు. గాలి లోపలికి వెళ్లే మీట ఉందా? వంచేటప్పుడు దాన్ని నొక్కి పట్టుకుంటే గాలి లోపలికి పోయి మురుగు ఒకే ధారగా వస్తుంది. అది లేకపోతే గుడగుడమంటూ ఆగి ఆగి చిమ్ముతుంది. ట్యాంకు ఎంత నిండిందో చూపే గుర్తు కూడా ఉండాలి, ముదురు రంగు ప్లాస్టిక్‌లోంచి లోపల ఎంతుందో కనపడదు కదా. రబ్బరు సీలు విడిగా దొరుకుతుందో లేదో కొనక ముందే అడగండి. ఈ వస్తువులో మొదట పాడయ్యేది అదే.

ఫ్లష్ విషయంలో నొక్కే తిత్తి పంపు, పైకి లాగి నొక్కే పిస్టన్ పంపు, బ్యాటరీ పంపు దొరుకుతాయి. పిస్టన్ పంపు తిత్తి కంటే జోరుగా కడుగుతుంది. బ్యాటరీది సుఖమే గానీ, బటన్ మీద వేలు ఉన్నంతసేపూ నీళ్లు పోతూనే ఉంటాయి, పైన లెక్క కట్టిన పావు లీటరు తెలియకుండానే అర లీటరవుతుంది. చిన్న ట్రైలర్‌కు పిస్టన్ పంపు చాలు.

ప్రశ్న: మూత్రం, మలం వేరుచేసే పొడి టాయిలెట్ పెట్టుకుంటే వాసన ఉండదు, నెలల తరబడి ఖాళీ చేయక్కర్లేదు అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. మూత్రంలోని యూరియాను మలంలోని సూక్ష్మజీవుల ఎంజైము విడగొట్టినప్పుడు అమోనియా పుడుతుంది. టాయిలెట్ వాసనలో ఎక్కువ భాగం అదే. రెంటినీ కలవనివ్వకపోతే, మలం మీద కొబ్బరి పీచు పొట్టు కప్పి తేమ తగ్గిస్తే, వాసన నిజంగానే బాగా తగ్గుతుంది. ఫ్లష్ నీళ్లు అక్కర్లేదు కాబట్టి మోసే బరువు కూడా తగ్గుతుంది.

అయితే మూత్రం సీసాను నెలల తరబడి వదిలేయడం కుదరదు. ఇద్దరికి రోజుకు మూడు లీటర్లంటే 8 లీటర్ల సీసా మూడో రోజుకు నిండుతుంది. నిండకపోయినా రెండు రోజులకోసారి పారబోసి కడగాలి, లేకపోతే వాసన మొదలవుతుంది. ఘనపదార్థం డబ్బా మాత్రం వారాలు ఆగుతుంది. దాంట్లో వేసే పొట్టు పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీటిచుక్క కారకూడదు. మరీ పొడిగా ఉంటే డబ్బాలోని సరుకును కలపెట్టే మర తిరగదు, తడి ఎక్కువైతే బురదై దోమల్లాంటి చిన్న ఈగలు చేరతాయి. దీనికి గాలి గొట్టం, చిన్న ఫ్యాను కావాలి, అంటే ట్రైలర్ గోడకో నేలకో రంధ్రం పెట్టాలి. రెండు వాట్ల ఫ్యాను రోజంతా తిరిగితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 4 ఆంపియర్-గంటలు లాగుతుంది. సోలార్ పలక లేని చిన్న బ్యాటరీకి అది తక్కువేమీ కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డబ్బాలోంచి తీసేది ఎరువు కాదు. మలం నిజమైన కంపోస్టు కావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైగా పడుతుంది. మూడు వారాల సరుకును చెట్ల కింద పోస్తే రోగకారక క్రిములను నేలలో కలిపినట్టే. నీళ్లతో కడుక్కునేవారికి ఈ పద్ధతి సరిపడదు, ఆ నీళ్లు డబ్బాలో పడితే వేరుచేసిన ప్రయోజనమంతా పోతుంది. మగవాళ్లు కూడా కూర్చునే మూత్రం పోయాలి. ఈ రెండూ ఇంట్లో అందరికీ సమ్మతమైతే తప్ప దీని జోలికి పోవద్దు.

ప్రశ్న: మా టాయిలెట్ ఏడాది పాటు బాగా పనిచేసింది. ఇప్పుడు మధ్యలోని పలక బిగుసుకుపోయింది, వాసన వస్తోంది. కొండ రోడ్డు ఎక్కాక పలక తెరిస్తే పైకి చిమ్మింది కూడా. మార్చేయాలా?

జవాబు: మార్చే పని లేదు, ఈ మూడింటికీ కారణాలు వేరు.

చిమ్మడం ఒత్తిడి వల్ల. ఎత్తైన చోటికి వెళ్లినా, ఎండలో ట్రైలర్ వేడెక్కినా మూసిన ట్యాంకులోని గాలి బయటికి తోసుకొస్తుంది. ప్రయాణం ముగియగానే, ఎవరూ కూర్చోక ముందే, పై మూత వేసి ఉంచి పలకను ఒక్కసారి నెమ్మదిగా తెరిచి మూయండి. కూర్చున్నాక తెరవడం అనే అలవాటు అసలే వద్దు.

పలక బిగుసుకోవడానికి సీలు ఎండిపోవడం, మూత్రపు గార పేరుకోవడం కారణాలు. కింది ట్యాంకు విడదీసి, లీటరు గోరువెచ్చని నీటికి రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి పోసి, రాత్రంతా ఉంచి కడిగేయండి. పలక అంచుల్ని మెత్తని గుడ్డతో తుడిచి, ఆరాక సీలుకు సిలికోన్ నూనె పలచగా రాయండి. వాసెలిన్ వద్దు, పెట్రోలియం జిడ్డుకు రబ్బరు ఉబ్బి సీలు కారుతుంది. బ్లీచింగ్ ఉన్న క్లీనర్లు కూడా వద్దు. అవి సీలును గట్టిపరుస్తాయి, పైగా మూత్రంలోని అమోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమైన్ వాయువు పుడుతుంది. చిన్న గదిలో అది ప్రమాదం. నిమ్మ ఉప్పు, వెనిగర్ లాంటి పుల్లని వాటితో బ్లీచింగ్ కలిసినా క్లోరిన్ వస్తుంది.

వాసన సీలు నుంచే వస్తోందో లేదో తెలుసుకోవడానికి పలక మూసి టాయిలెట్ గిన్నెలో అర లీటరు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. మట్టం తగ్గితే సీలు కారుతున్నట్టే. ముందు అంచులో కాగితం ముక్క ఇరుక్కుందేమో చూడండి, చాలాసార్లు దోషం అదే. అది కాకపోతే సీలు మార్చండి. తడి తుడుపు కాగితాలు ఇందులో వేయవద్దు. అవి కరగవు, పలక సందులో చిక్కుకుంటాయి.

నెలల పాటు వాడనప్పుడు ట్యాంకులు ఆరబెట్టి, పలకను తెరిచి, మూతి బిరడా వదులుగా పెట్టి దాచండి. మూసి ఉంచితే సీలు అదే ఒత్తిడిలో వంగి ఉండిపోతుంది.

ప్రశ్న: నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగు మందులు ఉన్నాయి. ఏది ఎక్కడ పోయాలి?

జవాబు: నీలం, ఆకుపచ్చ కింది ట్యాంకుకు. గులాబీది పై ట్యాంకులోని ఫ్లష్ నీళ్లకు, గిన్నె జారుడుగా ఉండి మలం అంటుకోకుండా చేస్తుంది. రంగుల కంటే సీసా మీద రాసిన వివరాలు నమ్మండి. ఫార్మాల్డిహైడ్ ఉన్న మందులు వాసనను బాగా అణుస్తాయి గానీ సెప్టిక్ ట్యాంకులో కుళ్లించే సూక్ష్మజీవుల్ని చంపుతాయి. మీరు ఖాళీ చేసే చోటు సెప్టిక్ ట్యాంకుకు కలిసి ఉంటే సెప్టిక్‌కు హాని లేదని రాసి ఉన్న రకమే వాడండి. మోతాదు పెంచితే ఫలితం పెరగదు. వేడి రోజుల్లో మందు బలం త్వరగా తగ్గుతుంది, అందుకే ట్యాంకు సగమే నిండినా మూడో రోజుకు ఖాళీ చేయడం మంచిది.

పారబోయడం నిర్ణీత డంపింగ్ చోటులోనే, లేదా యజమాని ఒప్పుకుంటే టాయిలెట్ కమోడ్‌లో. వాన నీటి కాలువలో, వాగులో, నేల మీద పోయకండి. మందు కలిసినా ఆ మురుగులో క్రిములు ఉండనే ఉంటాయి.

ప్రశ్న: ట్రైలర్‌లో టాయిలెట్ ఎక్కడ పెట్టినా పరవాలేదా? మేము వెనక తలుపు దగ్గర పెట్టాలనుకుంటున్నాం.

జవాబు: వెనక పెట్టాలంటే ఖాళీగానే తీసుకెళ్లండి. పై ట్యాంకులో 15 లీటర్ల నీళ్లు, కింద 16 లీటర్ల మురుగు ఉంటే టాయిలెట్ బరువుతో కలిపి 35 కిలోలకు పైనే. అంత బరువు ఇరుసుకు బాగా వెనక ఉంటే వాహనం కొక్కెం మీద పడాల్సిన భారం తగ్గి, వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఇరుసు మీద గానీ, కాస్త ముందు గానీ పెడితే ఈ బెడద ఉండదు. ఎక్కడ పెట్టినా నేలకు బిగించే పలకతోనో, రెండు బకిల్ పట్టీలతోనో కట్టేయాలి. గట్టిగా బ్రేక్ వేస్తే అది ముందుకు జారి తలుపునో మనిషినో కొట్టగలదు. ప్రయాణంలో పై ట్యాంకు కూడా నిండుగా ఉంచవద్దు, కుదుపులకు నీళ్లు గిన్నెలోకి చిమ్ముతాయి.

ప్రశ్న: రెండు రాత్రుల కోసం ఇంత ఖర్చు అవసరమా? సంచి పెట్టుకునే మడత టాయిలెట్ చాలదా?

జవాబు: చాలు. ద్రవాన్ని జెల్లుగా మార్చే పొడి వేసిన సంచులే కొనండి, మామూలు చెత్త సంచి మధ్యలో చిరిగితే నేలంతా పాడవుతుంది. వాడిన సంచిని అక్కడి చెత్తడబ్బాలో వేయనిస్తారో లేదో ముందే కనుక్కోండి. వేయనివ్వకపోతే మూత బిగుసుకునే బకెట్‌లో పెట్టుకుని వెంట తీసుకెళ్లాల్సి ఉంటుంది.

ప్రశ్న: చలికాలంలో రాత్రి సున్నా డిగ్రీలకు దిగువకు పోతోంది. ఏం చేయాలి?

జవాబు: ట్రైలర్‌లో వేడి లేకపోతే పై ట్యాంకు, పంపు పూర్తిగా ఖాళీ చేయండి. గడ్డకట్టిన నీరు ముందు పంపునే పగలగొడుతుంది. వాడక తప్పదంటే ఫ్లష్ నీళ్లలో ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన, ట్రైలర్ నీటి గొట్టాల కోసం అమ్మే యాంటీఫ్రీజ్ కలపండి. కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని వాడకూడదు.