ఇంకు పెన్ను మొండికేస్తున్నదా? నిబ్బును తిట్టకున్రి

ప్రశ్న: సార్, నేను హన్మకొండల ఉంట, రిటైర్డ్ టీచర్‌ని. ఎన్కట రాజమండ్రిల చేసిన నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను ఒకటున్నది, ఫిల్లర్‌తోని ఇంకు పోసుకునేది. చాన ఏండ్లు బీరువలనే పడి ఉండె. మొన్న తీసి ఇంకు పోస్తే రెండు లైన్లు ముత్యాల్లెక్క రాసింది, మూడో లైనుకు ఎండిపోయింది, విదిలిస్తే మళ్ల రెండు లైన్లు, లుంగీ మొత్తం చుక్కలు. దుకాణంల చూపిస్తే నిబ్బు పోయింది, మార్చాలె అన్నడు. మార్పియ్యాల్నా?

జవాబు: మార్పియ్యకున్రి సారూ, జెర ఆగున్రి. నిబ్బే పోతే ఆ మొదటి రెండు లైన్లు మాత్రం ఎట్ల మంచిగ రాస్తది? రాసి రాసి ఆగుతున్నదంటే నాకైతే గాలి మీదనే అనుమానం. నూనె డబ్బాకు ఒక్కటే బొక్క పొడిస్తే నూనె ఆగి ఆగి పడతది, రెండో బొక్క పొడిస్తెనే సాఫుగ దిగుతది గదా, పెన్నుల గూడ అదే లెక్క, ఎంత ఇంకు బయటికొస్తే అంత గాలి లోపటికి పోవాలె, పోకపోతే లోపట ఒత్తిడి తగ్గి ఇంకు వెనుకకే గుంజుకపోతది. ఈ రెండు పనులు చూసుకునేది నిబ్బు కాదు, నిబ్బు కింద అంటుకోని ఉండే నల్ల ముక్క, ఫీడ్ అంటరు. దాని మీద సన్నటి గాడీలు ఉంటయి చూడున్రి, ఇంకు వాటెంబడి దిగుతది, గాలి ఆ తొవ్వనే ఎక్కుతది. అమెరికాల పెన్నులు చేసే వాటర్‌మన్ అనేటాయిన 1884ల పేటెంట్ తీసుకున్నది గిసొంటి గాడీల ఫీడ్‌కే. మీ పెన్నుల పాత ఇంకు ఎండి ఆ గాడీలల్ల గట్టిపడి కూసున్నదని నా అంచనా.

నమ్మకపోతే ఒక పరీక్ష చెయ్యున్రి. రాసుకుంట రాసుకుంట ఎండిపోయినప్పుడు పెన్నును సాసర్ మీద పట్టుకోని, నిబ్బు ఉన్న ముందు భాగాన్ని బాడీ నుంచి అర చుట్టు వదులు చెయ్యున్రి. గాలి దూరంగనే ఇంకు నిబ్బుల దిగితే దొంగ దొరికినట్టే. మళ్ల వెంటనే బిగియ్యున్రి, లేకపోతే సాసర్ నిండుతది.

ఇగ కడుగుడు. ముందు భాగం ఊడదీసి స్టీలు గ్లాసుల మామూలు నీళ్లు పోసి నిబ్బు మునిగేంత వరకు నిలబెట్టున్రి. నీలం పొగ తీరు రంగు దిగుతది, నీళ్లు మార్చున్రి, మళ్ల దిగుతది, మళ్ల మార్చున్రి. మొండిగ ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, ఒక్కటే. చిన్న పిల్లల ముక్కు సాఫ్ చేసే రబ్బరు బుడ్డి మెడికల్ షాపుల దొరుకుతది, దాన్ని వెనుక పెట్టి నీళ్లు ఒత్తితే నిబ్బు నుంచి జివ్వున కొడతయి, లోపటి చెత్తంత పోతది. రంగు పూర్తిగ ఆగిందాక ఓపిక పట్టాలె. వేడినీళ్లు మాత్రం వద్దు, ఎబొనైట్ రంగు మారి గోధుమ మట్టి తీరు అయితది, స్పిరిట్ అసలే వద్దు. మన దిక్కు బోరు నీళ్లు ఉప్పగ ఉంటయి కాబట్టి ఆఖరుసారి బ్యాటరీలల్ల పోసే డిస్టిల్డ్ వాటర్‌తోని కడిగితే తెల్ల మరకలు పట్టయి.

కడిగినంక గూడ అట్లనే ఉంటే అప్పుడు నిబ్బును వెలుతురుకు పెట్టి చూడున్రి. నడుమ చీలికల సన్నటి వెలుగు గీత కనపడాలె, కొనకు వచ్చేసరికి ఇంక సన్నగ కావాలె. అసలే వెలుగు లేకుంటే నిబ్బు బిగుసుకున్నది. గప్పుడు కొందరు గడ్డం గీసే బ్లేడు దూర్చి చీల్చుతరు, అది నాకు అసలు నచ్చదు, చీలిక లోపట గీతలు పడి నిబ్బు నిజంగనే పోతది. పెన్నులు బాగుచేసుడు తెల్సినోళ్లు అయితే ఇత్తడి పల్చటి రేకుతోని సాఫ్ చేస్తరు, ఫీడ్ నిబ్బుకు అంటుకోకుంటే దాన్ని వేడినీళ్లల్ల పెట్టి మెత్తబడ్డంక నొక్కుతరు, ఆ ఒక్క వేడినీళ్ల పని వాళ్లకే వదిలిపెట్టున్రి.

ప్రశ్న: కాజీపేట నుంచి రాస్తున్న, రైల్వేల పని చేస్త. జేబుల పెట్టుకున్న పెన్ను పొద్దటి పూట మంచిగనే ఉంటది, పగటికి క్యాప్ తీస్తే లోపటంత ఇంకు. అంగీలు ఖరాబైతున్నయి. ఎండకాలం ఇంక ఎక్కువ.

జవాబు: ఇంకు ఎంత మిగిలినప్పుడు కారుతున్నదో చూసిన్రా? పెన్ను సగానికంటె తక్కువ ఉన్నప్పుడు లోపట గాలి ఎక్కువ ఉంటది, ఒంటి వేడికి, ఎండకు అది ఉబ్బి ఇంకును బయటికి నెడతది. నిండుగ ఉన్న పెన్నుకు ఈ రోగం తక్కువ. సగానికి రాంగనే నింపుకోన్రి, జేబుల నిబ్బు మీదికి ఉండేటట్టు పెట్టుకోన్రి. ముందు భాగాన్ని బాడీకి బిగించే మరల మీద సిలికాన్ గ్రీజు సన్నగ పూస్తే అక్కడ కారేది గూడ ఆగుతది, వ్యాజలిన్ వద్దు, రబ్బరు వాషర్ ఉంటే ఉబ్బుతది. ఎబొనైట్ పెన్ను వేడి మెల్లగ ఎక్కుతది కాబట్టి పల్చటి ప్లాస్టిక్ పెన్ను కంటె జేబుకు అదే మేలు, కని మే నెల ఎండల బండి ట్యాంకు కవర్ల పెట్టిపోతే ఏ పెన్నైనా ఏం చేస్తది పాపం.

ప్రశ్న: అన్నా, నేను జమ్మికుంటల డిగ్రీ చదువుతున్న. కొత్త ఇంకు పెన్ను కొన్న, పదం పదానికి మొదటి గీత పడతలేదు, ఒత్తితెనే పడతది. పేజీ కింది లైన్లల్ల అయితే మరీ ఘోరం. ఇంకు మార్చాల్నా?

జవాబు: ముందుగాల ఒత్తుడు బంద్ పెట్టు చెల్లె. ఒత్తినకొద్ది నిబ్బు రెండు కాళ్లు ఎడమై ఎడమై ఇగ మళ్ల దగ్గరికి రావు. కొత్త పెన్నుల తయారీ నూనె మిగిలి ఉంటది, పైన సారుకు చెప్పినట్టే ఒకసారి కడుగు, చానమటుకు దాంతోనే తీరుతది. పేజీ కింద ఆగుతున్నదంటే నీ చెయ్యే కారణం, అరచెయ్యి చెమట, నూనె కాయితానికి అంటి ఇంకు పట్టదు, చెయ్యి కింద ఒక మడత కాయితం పెట్టుకోని రాయి. అయినా మొదటి గీత తప్పుతుంటే నిబ్బు కొనను ఎక్కువ నున్నగ చేసిన్రన్నట్టు, చీలిక అంచులు లోపటికి గుండ్రమై ఇంకు కాయితం దాక అందదు. అది నీతోని అయ్యే పని కాదు, బిల్లు తీస్కోని పొయ్యి మార్చుకో. ఎమెరీ కాయితం మీద రాకుడు గిట్ల పెట్టుకోకు.

ప్రశ్న: ఇంట్ల డ్రాయింగ్ ఇంకు సీసా ఉన్నది, పెన్నుల పొయ్యచ్చా? – ఒక ఇంటర్ విద్యార్థి, పరకాల

జవాబు: వద్దు తమ్మి. వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకుల లక్క కలుపుతరు, ఎండితే గాడీలల్ల లప్పం పెట్టినట్టే. సులేఖ, బ్రిల్, కామ్లిన్ ఏదైనా సరే, సీసా మీద ఫౌంటెన్ పెన్ ఇంక్ అని ఉండాలె. ఒకవేళ ఇప్పటికే పోసి ఉంటే రేపటిదాక ఉంచకు, ఇప్పుడే ఒంపి, తడి ఆరకముందే కడుగు.