రైతు సంఘానికి ఏ యాప్ కావాలి? ముందు కాంటా సంగతి చూడండి

"మా మండలంలో కొత్తగా రైతు ఉత్పత్తిదారుల సంఘం పెట్టాం, టెక్నాలజీ మాకు ఎలా పనికొస్తుంది, ఏ యాప్ తీసుకుంటే మంచిది" అని అడిగారు. ఏ యాపూ వద్దు. కనీసం మొదటి రెండేళ్లు ఆ మాటే ఎత్తకండి. మీ దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి డాష్‌బోర్డ్ చూపిస్తానన్న ప్రతి ఒక్కరికీ టీ ఇచ్చి పంపించేయండి.

నేను వికారాబాద్ జిల్లాలో ఒక రైతు సంఘానికి లెక్కలు రాస్తాను. పేరుకు అకౌంటెంట్‌ని, కంది సీజన్ వచ్చిందంటే కాంటా దగ్గర కూర్చునేది నేనే, డైరెక్టర్లకు ఫోన్ చేసి ఓటీపీ అడుక్కునేదీ నేనే. మాదంతా కంది నేల. తాండూరు కందికి 2022లో జీఐ, అంటే ఫలానా ఊరి పంట అనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అది వచ్చాక రైతు చేతిలో ఎంత మిగిలిందన్నది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

టెక్నాలజీ అనగానే అందరూ సలహాల వైపే పోతారు. ఏ పురుగుకు ఏ మందు, ఎప్పుడు వాన. అవి కొత్తా? 2004లోనే కిసాన్ కాల్ సెంటర్ వచ్చింది, 1800-180-1551కి ఫోన్ చేస్తే ఇప్పటికీ తెలుగులో చెబుతారు. అదే ఏడాది హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు ఈ-సాగు అని వరంగల్ జిల్లా పత్తి రైతులతో మొదలుపెట్టారు. ఊళ్లో నెట్ లేని రోజులు కాబట్టి చేలో తీసిన ఫోటోలు సీడీల్లోకి ఎక్కించి కొరియర్‌లో పంపితే నిపుణులు చూసి సలహా చెప్పేవారు. నాకు ఆ పని అంటే గౌరవమే. కానీ అది ఒక్కో రైతు చేనుకు పనికొచ్చేది. సంఘం సంగతి వేరు. సంఘం కూలిపోయేది సలహా లేక కాదు, "నా సంచులు ఎన్ని, నాకు ఎంత రావాలి, మధ్యలో ఎవడు తిన్నాడు" అన్న ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేక.

2024-25 సీజన్‌లో కంది మద్దతు ధర క్వింటాలుకు 7,550 రూపాయలు. బయట రేటు దానికంటే కిందికి పడేసరికి అందరూ మా సంఘం కొనుగోలు సెంటర్ మీదికే వచ్చారు. రాత్రి పొద్దుపోయేదాకా ట్రాక్టర్లు లైన్‌లో ఉండేవి. తేమ 12 శాతం దాటకూడదు, సంచికి 50 కిలోలు, గోనె బరువు తీసేయాలి, ఇవన్నీ రూల్సే. కాంటా దగ్గర నిలబడ్డ రైతుకు మాత్రం "ఏదో కోస్తున్నరు" అనే అనిపిస్తుంది. అనిపించదా మరి? జీవితమంతా అడ్తి దుకాణాల్లో ఆయన చూసింది అదే. తరుగని రెండు కిలోలు, శాంపిల్ అని ఓ దోసెడు, చివర్లో ఎవరికీ అర్థం కాని గీతలతో ఒక తక్‌పట్టీ, అంటే అమ్మిన లెక్క చీటీ. మమ్మల్ని మాత్రం ఎందుకు నమ్మాలి?

ఆ సీజన్‌కే మేం కంప్యూటర్‌కు కలిపే ఎలక్ట్రానిక్ కాంటా, ఒక చిన్న ప్రింటర్ తెచ్చాం. సంచి పెట్టగానే బరువు, టైము దానంతట అదే ఎక్కుతాయి. చేత్తో కొట్టాల్సింది రైతు పేరు, తేమ, అంతే. ఒక రైతుది పూర్తికాగానే చీటీ వస్తుంది, ఫోనుకు మెసేజ్ పోతుంది.

ఒక పెద్దాయన చీటీని మడిచి బనీను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయనకు చదువు రాదు. పొద్దు గూకినంక మనవరాలిని వెంటేసుకుని మళ్లీ వచ్చాడు. ఆ పిల్ల హైస్కూల్లో చదువుతుందేమో, ఫోన్ నా ముందర పెట్టి, "మా తాత ఇరవై మూడు సంచులు తెచ్చిండు మేడం, దీంట్ల ఇరవై రెండే ఉన్నయి" అంది. కాంటా మీదున్న పిల్లగాడు "నేనే లెక్కబెట్టిన, ఇరవై రెండే" అని ఎగిరాడు. పెద్దాయన ఊరుకుంటాడా, "నా చేతులతోని కుట్టిన సంచులు బిడ్డా, నాకు లెక్క తెల్వదా" అని కర్ర నేలకేసి కొట్టాడు. చుట్టూ పదిమంది చేరారు. వాళ్లలో ఒకరు అప్పుడే "నేను ముందే చెప్పిన" అనడం కూడా మొదలుపెట్టారు. ప్రతి ఊళ్లో ఒకరుంటారు కదా, అన్నీ ముందే చెప్పినవాళ్లు.

నేను కంప్యూటర్ తెరిచి ఒక్కో సంచి టైము చదువుతూ పోయాను. పెద్దాయన ఇరవై రెండో సంచికీ, పక్క రైతు మొదటి సంచికీ మధ్య నిమిషం కూడా తేడా లేదు. మిగతా రైతులు మారిన చోటల్లా చీటీ చింపి, కొత్త కుప్ప లాగేసరికి ఐదారు నిమిషాలు పట్టింది. పక్క రైతు ఇంకా అక్కడే బీడీ కాలుస్తున్నాడు. నీవెన్ని అంటే "ముప్పై" అన్నాడు. మా దగ్గర ఆయన పేరు మీద ముప్పై ఒకటి. హమాలీ తోసినప్పుడు ఒక సంచి పక్క కుప్పలోకి పోయింది. ఇద్దరి చీటీలూ మార్చి అక్కడికక్కడే ఇచ్చేశాం.

ఒక్క సంచి అంటే 3,775 రూపాయలు. ఇదే పాత పుస్తకం పద్ధతిలో అయితే ఎప్పుడు బయటపడేది? ఖాతాలో డబ్బులు పడ్డాక. అప్పటికి సరుకు గోదాముకు పోయి, పక్కాయన డబ్బులు పెళ్లికో అప్పుకో ఖర్చయి, "సంఘమోళ్లు సంచి మింగిన్రు" అని మూడు ఊళ్లలో పాకి ఉండేది. తెల్లారి ఆ పెద్దాయనే టీ కొట్టు దగ్గర కథంతా చెప్పాడట, కర్ర సహా. మా డైరెక్టర్లు ఇల్లిల్లూ తిరిగినా షేర్ ధనం కట్టనివాళ్లు ఆ సీజన్ చివర్లో వాళ్లంతట వాళ్లే వచ్చి కట్టారు. ఒక్క సంచి వల్లేనా అంటే, అవును, నా లెక్కలో అంతే, వేరే కారణం ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

గుజరాత్ పాల సంఘాలు ఈ పని 1990లలోనే మొదలుపెట్టాయి. పాలు పోయగానే తూకం, వెన్న శాతం, ఎన్ని రూపాయలో చీటీ మీద వస్తాయి. మన దగ్గర ముల్కనూరు ఉంది కదా, 1956లో పెట్టిన సహకార సంఘం, అప్పుడు ఏ కంప్యూటర్ ఉందని కొందరు వాదిస్తారు. నిజమే, చేతిరాత లెక్కలతోనే ఆ పేరు తెచ్చుకున్నారు. కానీ వాళ్లు దశాబ్దాలు తీసుకున్నారు. మనకు ఉన్నది మూడేళ్లు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన 10,000 ఎఫ్‌పీవోల (మనలాంటి రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకంలో నిర్వహణ ఖర్చులకు ఇచ్చేది మూడేళ్లకు కలిపి ఎక్కువలో ఎక్కువ 18 లక్షలు. సీఈవో జీతం, నా జీతం అందులోంచే. ఆ తర్వాత సంఘం తన సంపాదన మీదే బతకాలి. ఆ మూడేళ్లలో సభ్యులకు నమ్మకం కుదరకపోతే గోడ మీది పేరు బోర్డు మిగులుతుంది, సంఘం మిగలదు.

ఇక మెసేజ్‌ల బాధ. టెక్నాలజీ అని పాఠాలు చెప్పేవాళ్లెవరూ ఇది చెప్పరు. మీ ఇష్టమొచ్చినట్టు మెసేజ్ పంపడానికి లేదు, టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ రూల్ ప్రకారం డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ రిజిస్టర్‌లో సంఘం పేరు, మెసేజ్ నమూనా ముందే నమోదు చేయించాలి. నమూనాలో అక్షరం తేడా వచ్చినా మెసేజ్ పోదు. పైగా ఇంగ్లిష్ మెసేజ్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి. అంటే మన భాషలో చెప్పుకోవాలంటే ఖర్చు రెట్టింపు పైనే. కొన్ని పాత బటన్ ఫోన్లలో తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తాయి. అందుకే చివరికి అంకెలు, "సంచులు" లాంటి మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి పంపుతున్నాం. వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చు కదా అంటారా? పెట్టి చూడండి. శుభోదయం పూలు, పార్టీల వీడియోల మధ్య మీ కంది రేటు ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఓటీపీల గురించి రాస్తే రాత్రవుతుంది. సభ్యుల రిజిస్టర్‌లో ఉన్న నంబర్లలో చాలావరకు హైదరాబాద్‌లో ఆటో నడిపే కొడుకువో, పోయినేడాది మార్చేసిన సిమ్ముదో. ఓటీపీ అక్కడికి పోతుంది, రైతు ఇక్కడ నా ముందు నిలబడి ఉంటాడు. ఇక కంపెనీ చట్టం కింద రిజిస్టర్ అయ్యాం కాబట్టి ఏటా లెక్కలు, రిటర్నులు ఆన్‌లైన్‌లో వేయాలి, ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. దానికి డైరెక్టర్ డిజిటల్ సంతకం కావాలి, అదొక పెన్‌డ్రైవ్ లాంటి వస్తువు. మా డైరెక్టర్ ఒకాయన దాన్ని జాగ్రత్తగా బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేశాడు, తాళంచెవి భార్య దగ్గర, ఆమె పుట్టింట్లో. పత్తి ఏరే రోజుల్లో నాకు పడ్డ టెన్షన్ ఇది.

కాబట్టి మీరు కొనాల్సినవి మంచి కాంటా, ప్రింటర్, తేమ మిషన్, కరెంటు పోతే నడిచే బ్యాటరీ. సభ్యుల నంబర్లు ఏటా సీజన్‌కు ముందు సరిచూసుకోండి. పుస్తకం రాయడం కూడా మానకండి, కంప్యూటర్ ఏ రోజు మొరాయిస్తుందో తెలియదు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ అడగరు. మా సంఘంలో ఆడవాళ్ల పేరు మీద షేర్లు బాగానే ఉన్నాయి, ఎక్కువ మంది ఆడవాళ్లను చేర్చమని పైనుంచి చెబుతారు కాబట్టి. మెసేజ్ మాత్రం ఇంటాయన ఫోనుకు పోతుంది. ఒకామె కాంటా దగ్గరే అడిగేసింది, "షేర్ నాది, సంచి కుట్టింది నేను, మెసేజ్ ఆయనకా?" అని. ఆమెకు సొంత ఫోన్ లేదు. చాలామందికి లేదు. అందుకని ఇప్పుడు ప్రతి వారం కొన్న లెక్క ప్రింట్ తీసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తున్నాం, మహిళా సంఘం మీటింగులో చదివి వినిపిస్తున్నాం. డబ్బు అంకె వేయం, సంచులు, బరువు మాత్రమే. రేటు అందరికీ తెలిసిందే కాబట్టి గుణించుకోవడం వాళ్లకు వచ్చు. మొదటిసారి చదివిన మర్నాడే ఇద్దరు ముగ్గురు ఇంటాయనలు నా మీదికి కొట్లాటకొచ్చారు, "మా ఇంటి లెక్క ఊరందరికీ చెప్పుడేంది" అని. చైర్మన్ దగ్గర పంచాయితీ కూడా పెట్టారు. చదవడం అయితే ఆపలేదు.