ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టేస్తే, తర్వాత ఏం జరిగినా డాక్టర్‌ని అడగలేమా?

అడగొచ్చు. చికిత్సకు మీరు ఒప్పుకున్నారనడానికి ఆ సంతకం ఒక ఆధారం, అంతే. దాంతో నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. జబ్బు ఏంటి, ఏం చేయబోతున్నారు, రిస్క్ ఎంత, వేరే దారి ఉందా, అసలు చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ అర్థమయ్యేలా చెప్పాక మీరు సరే అంటేనే దాన్ని సమ్మతి అంటారు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, మత్తు ఎక్కుతుండగా చేతిలో పెన్ను పెట్టి "ఇక్కడ, ఇక్కడ" అని చూపిస్తే అది సమ్మతి ఎలా అవుతుంది?

బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో ఇచ్చిన మాంట్‌గొమరీ తీర్పు దీనికి మంచి ఉదాహరణ. షుగర్ ఉన్న గర్భిణికి కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం 9 నుంచి 10 శాతం ఉంది, కానీ చెబితే సిజేరియన్ అడుగుతుందని డాక్టర్ ఆ సంగతి చెప్పలేదు, చివరికి బిడ్డ తీవ్రమైన వైకల్యంతో పుట్టాడు. ఆమె స్థానంలో ఉన్న మనిషికి ఏ రిస్క్ ముఖ్యమనిపిస్తుందో అది చెప్పి తీరాలని కోర్టు తేల్చింది.

అలాగని ఫలితం బాగా రాని ప్రతిసారీ తప్పు డాక్టర్‌దే అనలేం. ముందే చెప్పిన రిస్క్, ఎంత జాగ్రత్తగా చేసినా ఎదురుకావచ్చు. స్పృహ లేని మనిషికి ప్రాణం మీదికొస్తే సంతకం కోసం ఆగక్కర్లేదు. ఇంకోటి, సంతకం పెట్టాక కూడా ఆపరేషన్ మొదలయ్యేలోపు మీరు వద్దంటే వద్దే.