మోరీ నీళ్ల కాడ పనా? ముందు ప్యానెల్ బోర్డు సంగతి చూద్దాం

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మా అబ్బాయి నల్గొండలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండో ఏడాది చదువుతున్నాడు. హైదరాబాద్‌లో ఒక మురుగునీటి శుద్ధి ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని ఉందని మా బామ్మర్ది చెప్పాడు. కాంట్రాక్టు కంపెనీ కింద చేయాలి. వాళ్లమ్మేమో "మోరీ నీళ్ల కాడ పనికి పంపిస్తే రేపు పిల్లనెవరిస్తరు?" అంటోంది. ఇంకొకాయన మిషన్ భగీరథ మంచినీటి పథకంలో పెట్టిస్తానని, లక్షన్నర ఇస్తే తర్వాత పర్మినెంట్ అవుతుందని అంటున్నాడు. మావాడికేమో ఇవేవీ వద్దట, లైన్‌మన్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఇంట్లో చదువుకుంటాడట. ఏం చేయమంటారు?

జవాబు: లక్షన్నర సంగతి ముందు తేల్చేద్దాం. ఇవ్వకండి. భగీరథ పంపుహౌసుల్లో, శుద్ధి కేంద్రాల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న కంపెనీల మనుషులు. కాంట్రాక్టు చేతులు మారితే కొత్త కంపెనీ వాళ్లను ఉంచుకోవచ్చు, ఉంచుకోకపోవచ్చు. అలాంటి చోట పర్మినెంట్ చేస్తానని మాటిచ్చే అధికారం మధ్యలో ఉన్న మనిషికి ఎక్కడిది? ఇలా డబ్బిచ్చి, తిరిగి అడగలేక, ఇంట్లో చెప్పుకోలేక నా దగ్గరికొచ్చిన తండ్రులు చాలామందే ఉన్నారు. అందులో పదో వంతు ఖర్చు పెట్టి అబ్బాయికి మంచి క్లాంప్ మీటరు (తీగను పట్టి అందులో ఎంత కరెంటు పోతోందో చూపేది), మల్టీమీటరు, ఇన్సులేటెడ్ పనిముట్లు, సేఫ్టీ బూట్లు కొనివ్వండి.

ఇక అసలు పని గురించి. నీళ్ల శాఖలో కరెంటు పనివాడికి ఏం పనుంటుందని చాలామంది అడుగుతారు. మీ ప్రాంతాన్నే తీసుకోండి. నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్నా నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 1,700 అడుగుల ఎత్తున ఉంది. కృష్ణా నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్‌లో పోస్తారు. కోదండాపూర్‌లో శుద్ధి చేస్తారు. అక్కడి నుంచి నాసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా పంపుతూ పంపుతూ గున్‌గల్ దాకా ఎక్కించి నగరానికి వదులుతారు. మూడు దశల్లో కట్టిన ఆ పథకం సామర్థ్యం రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. ఇంత నీటినీ అంత ఎత్తుకు మోసేది మోటార్లే. అవి ఆగితే నగరంలో నల్లాలు ఆగుతాయి. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో భగీరథ పైలాన్ పెట్టినప్పటి నుంచి మన ఊళ్లకూ అదే లెక్క. ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఎలాంటిదో మర్రిగూడ మనిషికి నేను చెప్పక్కర్లేదు. పంపుహౌసులో మోటారు ఆగిపోతే జనం మళ్లీ ఆ బోరు నీళ్ల వైపే చూడాలి.

మీ తోటలో బోరు మోటారు ఎప్పుడైనా కాలిపోయిందా? కాలే ఉంటుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. మోయాల్సిన బరువంతా మిగతా రెండింటి మీద పడి, వాటిలో ఆంప్స్ దాదాపు 1.7 రెట్లు అవుతాయి. కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేసే రిలేను సరిగ్గా సెట్ చేయకపోతే వైండింగ్ మాడి, మీరు మోటారు పైకి లాగించి వైండింగ్ షాపుకి మోసుకుపోతారు. అక్కడ మీకు పోయేది ఒక తడి. పెద్ద పంపుహౌసులో అదే జరిగితే కొన్ని మండలాలకు నీళ్లు బంద్. అక్కడ 415 వోల్టుల మోటార్లతో పాటు 3.3, 6.6, 11 కిలోవోల్టుల మోటార్లు కూడా ఉంటాయి. అందుకే అలాంటి చోట స్టార్టర్ ఒత్తే మనిషితో సరిపోదు, అది ఎందుకు ట్రిప్ అయిందో చెప్పగలిగే మనిషి కావాలి.

నా సలహా అంతా ఈ తేడా మీదే నిలబడింది. కాబట్టి ఒక సంఘటన చెబుతాను. కొన్నేళ్ల కింద ఐటీఐ పిల్లలను ఒక పంపుహౌస్ చూపించడానికి తీసుకెళ్లాను. మేమక్కడ ఉండగానే ఒక మోటారు ట్రిప్ అయింది. ఆపరేటర్ వచ్చి రీసెట్ నొక్కాడు, నడిచింది. అరగంటకు మళ్లీ ట్రిప్, మళ్లీ రీసెట్. మూడోసారి మెయింటెనెన్స్‌లో పెద్దాయన ఒకరు వచ్చారు. ఆయన మోటారు జోలికి పోలేదు. లాగ్ బుక్ తెరిచి వారం రోజుల ఆంప్స్ చూశారు. తర్వాత క్లాంప్ మీటరు పెట్టారు. రెండు ఫేజుల్లో అరవై దాటి చూపిస్తోంది, మూడోదాంట్లో యాభై కూడా లేదు. సప్లై ఆపించి, తాళం వేయించి, టెస్టరుతో చూసుకుని కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపి తెంచే పెద్ద స్విచ్చు) విప్పితే ఒక లగ్, అంటే తీగ చివర బిగించే ముక్క, వదులై వేడికి స్లీవ్ నల్లబడింది. బిగించాల్సింది ఒక్క బోల్టు. ఆ రోజు ఆపరేటర్ పుస్తకంలో రాసింది మాత్రం "మోటార్ ట్రిప్, రీసెట్ చేశాను" అనే. ఆ ఆపరేటర్ అక్కడ చేరి ఆరేళ్లయిందట.

చాలామంది పిల్లలు టెక్నీషియన్ అన్న పేరుతో చేరి ఆ ఆరేళ్ల ఆపరేటర్‌లా మిగిలిపోతారు. స్టార్ట్, స్టాప్, గంటగంటకూ రీడింగ్ రాయడం, అంతే. జీతం వస్తుంది, పని రాదు. కాబట్టి మీరు ప్లాంటు పేరు చూడొద్దు. అబ్బాయి చేతికి లాగ్ బుక్ మాత్రమే ఇస్తారా, ప్యానెల్ తలుపు కూడా తెరవనిస్తారా అన్నది చూడండి.

ఈ లెక్కన చూస్తే, మీ ఇంట్లో వాళ్లకు నచ్చని మురుగునీటి ప్లాంటే నాకు ఎక్కువ నచ్చింది. మంచినీటి పంపుహౌసులో మోటార్లు పెద్దవే కానీ రకాలు తక్కువ. మురుగునీటి ప్లాంటులో అన్నీ ఉంటాయి: చెత్తను ఆపే స్క్రీన్లు, సబ్‌మెర్సిబుల్ పంపులు, గాలి పంపే బ్లోయర్లు, మడ్డిని పిండే యంత్రాలు, గ్యాస్ సెన్సర్లు, లెవెల్ సెన్సర్లు. హైదరాబాద్‌లో ఈ మధ్య మొదలుపెట్టిన 31 కొత్త ఎస్టీపీల (మురుగునీటి శుద్ధి ప్లాంట్ల) మొత్తం సామర్థ్యం రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు. వాటిలో వాడే ఎస్‌బీఆర్ పద్ధతిలో ఒకే ట్యాంకు నిండడం, గాలి పట్టడం, మడ్డి తేరడం, పైనీరు తీసేయడం అన్నీ గడియారం ప్రకారం జరుగుతాయి. ఆ గడియారం పీఎల్‌సీ, అంటే యంత్రాలను వరుస ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్. బ్లోయర్ల వేగం తగ్గించి పెంచేది వీఎఫ్‌డీ. ఈ రెండూ చేత్తో పట్టుకుని నేర్చుకున్న కుర్రాడికి రేపు ఫార్మా కంపెనీలో అయినా, సిమెంటు ఫ్యాక్టరీలో అయినా చోటు దొరుకుతుంది. ప్లాంటు కరెంటు బిల్లులో పెద్ద భాగం ఆ బ్లోయర్లదే, అందుకే వాటిని పొదుపుగా నడిపేవాడంటే మేనేజర్లకు గురి.

ఆ మోరీ నీళ్లు ఎక్కడికో పోవు, వాళ్లమ్మగారికి ఈ మాట చెప్పండి. మూసీలో పడి, వలిగొండ మీదుగా మన జిల్లాల్లో పొలాలు తడుపుతూ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. వాటిని శుభ్రం చేసేది మన పిల్లలే అయితే మనకే మంచిది. పెళ్లి సంబంధాల సంగతి నేను తీర్చలేను. కానీ అమ్మాయి తరపువాళ్లు అడిగేది ఉద్యోగం నిలకడగా ఉంటుందా అని. వాసన గురించి అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

వాసనతో పేచీ లేదు కానీ, గ్యాస్‌తో ఉంది. ఇది అబ్బాయి స్వయంగా చదవాలి. మురుగు బావుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన. ఎక్కువైతే ముక్కే మొద్దుబారి వాసన తెలియదు, మనిషి అక్కడే కూలబడతాడు. సబ్‌మెర్సిబుల్ పంపు ఇరుక్కుంటే గొలుసు కట్టి గైడ్ రైలు మీదుగా పైకి లాగాలి. "ఒక్కసారి దిగి చూసిరా" అని ఎవరన్నా దిగకూడదు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగులోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇక మంచినీటి ప్లాంటులో భయం క్లోరిన్‌ది. 900 కిలోల టన్నర్లు, అంటే పెద్ద గ్యాస్ సిలిండర్లు, ఉంటాయి. ఆ గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి లీకైతే గాలికి ఎదురుగా, ఎత్తైన చోటికి పోవాలి. కరెంటు విషయంలో ఒకటే అలవాటు: ఆపు, తాళం వేయి, ట్యాగ్ కట్టు, టెస్ట్ చెయ్యి, అప్పుడు ముట్టుకో. కెపాసిటర్ బ్యాంకు, వీఎఫ్‌డీ ఆపాక కూడా కాసేపు కరెంటు దాచుకుంటాయి. ఎంతసేపు ఆగాలో దాని మీదే రాసి ఉంటుంది.

కంపెనీ వాళ్లను అడగాల్సినవి: షిఫ్టు ఎనిమిది గంటలా, పన్నెండా? పన్నెండైతే ఓవర్‌టైమ్ ఎలా ఇస్తారు? పీఎఫ్, ఈఎస్ఐ కడతారా? అబ్బాయి జీతంలో పట్టే పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం. జీతం 21 వేల లోపైతే ఈఎస్ఐ వర్తిస్తుంది. చేతికెంతొస్తుందో, అందులో గది అద్దె, మెస్ పోగా ఎంత మిగులుతుందో ఇంట్లోనే కాగితం మీద వేసుకోండి. దసరాకి, సంక్రాంతికి ఇంటికి రావడం కుదరకపోవచ్చని కూడా ముందే అనుకోండి. పండగ పూట నీళ్లు ఆపరు కదా.

లైన్‌మన్ ఉద్యోగం మంచిదే, వద్దనను. ఐటీఐ చదివినవాళ్లకు అర్హత ఉంటుంది, స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. ఇంట్లో కూర్చుని రెండేళ్లు చదివినవాడి చేతికి స్క్రూడ్రైవర్ కొత్తగా అనిపిస్తుంది. పని చేస్తూ చదవడం కష్టమే, టెన్షనే. అయినా నైట్ షిఫ్టులో దొరికే ఖాళీ సమయాన్ని ఫోను మింగకుండా చూసుకుంటే సరిపోతుంది. మధ్యలో ఇంకో దారి అప్రెంటిస్‌షిప్. ఏడాది చేసి పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. స్టైపెండ్ తక్కువైనా దాని విలువ తక్కువ కాదు. ప్లాంటు కంపెనీ అప్రెంటిస్‌గానే తీసుకుంటానంటే నేనైతే సంతోషంగా పంపిస్తాను. తర్వాత ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు దగ్గర వైర్‌మన్ పర్మిట్ తీసుకోమనండి. చదువు మీద మనసుంటే ఎల్పీసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. కాంట్రాక్టు కింద సూపర్‌వైజర్ దాకా పోవాలన్నా ఆ డిప్లొమా అక్కరకొస్తుంది.

రేపు ఆదివారం మీ బామ్మర్దితో చెప్పి ప్లాంటు చూడటానికి అనుమతి అడగండి. అబ్బాయితో పాటు వాళ్లమ్మగారినీ తీసుకెళ్లండి. అక్కడ మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ను పక్కకు పిలిచి, కిందటి నెలలో మీ కుర్రాళ్లు ఏ ఫాల్టు వెతికి పట్టుకున్నారని అడగండి. ఆయన వెంటనే ఏదో ఒకటి చెప్పుకుంటూ పోతే చేర్పించండి. నీళ్లు నమిలితే ఇంకో ప్లాంటు వెతుకుదాం. ఇంకో మాట, ఏం మాట్లాడుకున్నా ప్యానెల్ రూములో మాట్లాడుకోండి, బ్లోయర్ల దగ్గర ఒకరి మాట ఒకరికి వినపడదు.