సమాధానం: పాత సభ్యులు సంఘంలో ఎందుకు నిలిచిపోతారు?

సోదరా, మీ సీఎస్ఐ (దక్షిణ భారత క్రైస్తవ సంఘం) చర్చి నుంచి యువకులు కొత్త ప్రార్థన మందిరాలకు వెళ్లిపోతున్నారనీ, సౌండ్ సిస్టమ్ మారిస్తే ఆగుతారా అనీ అడిగారు. ఆగరు. మీ దగ్గర ఇప్పటికీ మిగిలినవారు ఎందుకు ఉన్నారో ముందు చూడండి. పాస్టర్‌గారు ఎలాగూ కొన్నేళ్లకు బదిలీ అవుతారు. ఆయనను చూసి వచ్చినవారు ఆయనతోనే వెళ్లిపోతారు. ఇంట్లో చావు జరిగిన రాత్రి ఎవరు వచ్చి కూర్చున్నారో, ఆ మనుషులను విడిచి వెళ్లడం మాత్రం కష్టం.

మనుషులను నిలిపే రెండో కారణం, చేతిలో పని. 1912లో తెలంగాణలోని దోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్యగారి కాలంలో ఆ ప్రాంతపు పేద స్త్రీలు వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవునికని తీసి పెట్టేవారు. బాప్తిస్మం పొందినవారు తల మీద చెయ్యి వేసుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ, అంటే కీడు, అని పలికేవారు. కూలి చేసుకునేవారు సైతం సంఘాన్ని పోషించారు! ఇచ్చిన చోటు మనది అవుతుంది. మన కమిటీలు ఈ సంగతి మరచిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

కాబట్టి ఆ యువకులకు కుర్చీలు సర్దే పని కాదు, బాధ్యత ఇవ్వండి: సండే స్కూలు, కోత పండుగ కానుకల లెక్క, రోగుల ఇళ్లలో ప్రార్థన. ఓటు హక్కు ఉన్నవారిని కమిటీలోకి తీసుకోండి. రెండు ఆదివారాలు కనబడని వారి ఇంటికి మూడో వారంలోనే వెళ్లండి. ఎందుకు రాలేదని నిలదీయవద్దు, క్షేమం అడగండి.